న్యాయస్థానాల ముందు లోకమాన్య తిలక్

లోకమాన్య తిలక్ పేరు వినగానే మనకు స్వరాజ్య నినాదం గుర్తుకు వస్తుంది, వీధివీధినా వెలిసే వినాయక చవితి పందిళ్లు గుర్తుకు వస్తాయి. ఆయన జీవితంలో ఇంకో పెద్ద భాగం ఉంది. అది కోర్టుల్లో గడిచింది. పత్రికలో రాసిన మాటలకు, సభలో పలికిన మాటలకు ఆయన మళ్లీ మళ్లీ న్యాయమూర్తుల ముందు నిలబడవలసి వచ్చింది. ఒక మనిషి ఎంతవరకు మాట్లాడవచ్చు, ఎక్కడ ఆగాలి అన్న ప్రశ్నకు మన దేశంలో జవాబు వెతికిన వారంతా ఆయన కేసుల దగ్గరికి రాక తప్పలేదు.

బదిలీతో మారిన బాల్యం

బాలగంగాధర తిలక్ 1856 జూలై 23న కొంకణ తీరంలోని రత్నగిరిలో పుట్టారు. పెట్టిన పేరు కేశవ్, ఇంట్లో అందరూ బాల్ అని పిలిచేవారు. తండ్రి గంగాధర్ పంత్ బడిపంతులు. సంస్కృతంలోనూ, గణితంలోనూ గట్టివారు. 1866లో ఆయనకు పాఠశాలల తనిఖీ ఉద్యోగం వచ్చి పుణేకు బదిలీ అయింది. అప్పుడు బాల్ వయసు పదేళ్లు. సముద్రం, కొబ్బరితోటలు, తెలిసిన స్నేహితులు అన్నీ వదిలి పెద్ద ఊరికి, కొత్త బడికి వెళ్లడం ఎలా ఉంటుందో ఈ పత్రిక చదివేవారికి వేరే చెప్పనక్కరలేదు. పుణేకు వచ్చిన కొద్దికాలానికే తల్లి పార్వతీబాయి చనిపోయారు. పదహారో ఏట తండ్రి కూడా పోయారు. ఆ ఏడాదే, 1872లో, తిలక్ మెట్రిక్యులేషన్ పాసయ్యారు.

దక్కన్ కాలేజీలో చేరిన మొదటి ఏడాది ఆయన పుస్తకాలకన్నా వ్యాయామం మీద ఎక్కువ దృష్టి పెట్టారు. బక్కపలచని కుర్రవాడు కసరత్తులు చేసి, ఈత కొట్టి, ఒళ్లు గట్టిపరచుకున్నాడు. తరవాత జైళ్లలో గడిపిన ఏళ్లను తట్టుకోవడానికి ఆ ఒక్క ఏడాది ఎంతగానో పనికొచ్చింది. గణితంలో మొదటి తరగతిలో బి.ఏ. పూర్తిచేసి, 1879లో న్యాయశాస్త్రంలోనూ పట్టా తీసుకున్నారు. సర్కారీ కొలువు సులభంగానే దొరికేది. ఆయన మాత్రం మిత్రులు విష్ణుశాస్త్రి చిప్లూణ్‌కర్, గోపాల్ గణేశ్ ఆగర్కర్‌లతో కలిసి పంతులు పనికే వచ్చారు. 1880 జనవరిలో వీరి న్యూ ఇంగ్లిష్ స్కూల్ పుణేలో మొదలైంది. మరుసటి జనవరిలో రెండు వారపత్రికలు వెలువడ్డాయి. మరాఠీలో కేసరి, ఇంగ్లిషులో మరాఠా. కేసరికి తొలి సంపాదకుడు ఆగర్కర్.

మొదటి పాఠం

పత్రికలు పుట్టిన కొద్దికాలానికే కోర్టు పిలుపు వచ్చింది. కొల్హాపూర్ సంస్థానంలో యువ మహారాజుకు మతిస్థిమితం లేదని చెప్పి ఆయనను కట్టడిలో ఉంచారనీ, దీని వెనక దివాన్ మాధవరావు బర్వే కుట్ర ఉందనీ పుణేలో వదంతులు లేచాయి. అందుకు రుజువులంటూ కొన్ని ఉత్తరాలు పత్రికల చేతికి వచ్చాయి. తిలక్, ఆగర్కర్ వాటిని నమ్మి రాశారు. దివాన్ పరువునష్టం దావా వేశారు. విచారణలో ఆ ఉత్తరాలు దొంగవని తేలింది. ఇద్దరు మిత్రులూ క్షమాపణ చెప్పారు. అయినా 1882లో నాలుగు నెలల శిక్ష పడింది. ముంబయిలోని డోంగ్రీ జైలులో 101 రోజులు గడిపి బయటికి వచ్చారు. ఆ రోజుల గురించి ఆగర్కర్ తరవాత ఒక పుస్తకమే రాశారు.

ఈ కేసును చాలామంది చిన్న సంఘటనగా దాటిపోతారు. నిజానికి తరవాత జరిగినదంతా అర్థం కావాలంటే దీన్ని గుర్తుంచుకోవాలి. రాసింది అబద్ధమని తెలిసినప్పుడు తిలక్ క్షమాపణకు వెనకాడలేదు. ఒకరి పరువుకు నష్టం కలిగించే అబద్ధాన్ని అచ్చువేయడానికి స్వేచ్ఛ పేరు చెప్పి తప్పించుకోలేమని ఇరవై ఆరేళ్లకే ఆయనకు అనుభవమైంది.

జైలుకు కలిసి వెళ్లిన స్నేహితులు బయటికి వచ్చాక విడిపోయారు. ఆగర్కర్ బాల్యవివాహాల మీద, కులాచారాల మీద గట్టిగా రాయాలనుకున్నారు. సంఘంలోని మార్పును విదేశీ ప్రభుత్వం చట్టాలతో తేకూడదని తిలక్ వాదించారు. 1891లో బాలికల సమ్మతి వయసుకు సంబంధించిన బిల్లును కూడా ఆయన వ్యతిరేకించారు. ఆ విషయంలో ఆగర్కర్ వైపే న్యాయం ఉందని ఈనాడు మనం చెప్పగలం. కేసరిలో తన అభిప్రాయాలకు చోటు చాలక ఆగర్కర్ 1888లో సుధారక్ అనే వేరే పత్రిక పెట్టుకున్నారు. కేసరి తిలక్ చేతికి వచ్చింది.

ప్లేగు ఏడాది

1896లో దక్కన్‌లో కరువు వచ్చింది. ఆ వెంటనే 1897లో ప్లేగు పుణేను పట్టుకుంది. ఊరు వదిలి వెళ్లగలిగిన పెద్దలంతా వెళ్లిపోయారు. తిలక్ ఊళ్లోనే ఉండి రోగులకు ఆసుపత్రి ఏర్పాటులో పాలుపంచుకున్నారు. ప్లేగు అదుపు కోసం ప్రభుత్వం రాండ్ అనే అధికారిని నియమించింది. సైనికులు ఇళ్లలోకి చొరబడి తనిఖీలు చేశారు. వంటింట్లోకీ, పూజగదిలోకీ బూట్లతో వచ్చారని, ఆడవాళ్లను అవమానించారని జనం మండిపడ్డారు. కేసరి ఆ కోపానికి గొంతు ఇచ్చింది.

జూన్ 15 నాటి కేసరిలో శివాజీ ఉత్సవ విశేషాలు, శివాజీయే దేశం స్థితి చూసి బాధపడుతున్నట్టు రాసిన ఒక పద్యం వచ్చాయి. సరిగ్గా వారానికి, జూన్ 22 రాత్రి, విక్టోరియా రాణి వజ్రోత్సవం నుంచి తిరిగి వస్తున్న రాండ్‌ను, అయర్స్ట్ అనే మరో అధికారిని చాపేకర్ సోదరులు కాల్చారు. జూలై 27న తిలక్‌ను అరెస్టు చేశారు. హత్య చేయించారని కాదు, రాజద్రోహపు రాతలు అచ్చువేశారని.

ఇక్కడ చట్టం గురించి రెండు మాటలు తెలుసుకోవాలి. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో 1870లో 124ఎ అనే సెక్షన్ చేర్చారు. ప్రభుత్వం మీద ప్రజల్లో విముఖత రేకెత్తించడం దాని ప్రకారం నేరం. ఆ విముఖత అంటే ఏమిటన్నదే చిక్కు. పన్ను ఎక్కువైందని అనడం విముఖతా? అధికారి తప్పు చేశాడని రాయడం విముఖతా? తిరగబడమని చెబితేనే నేరమా?

మొదట్లో తిలక్‌కు బెయిలు రాలేదు. చివరికి హైకోర్టు న్యాయమూర్తి బద్రుద్దీన్ త్యాబ్జీ ఇచ్చారు. బెయిలు కోసం వాదించిన న్యాయవాది దిన్షా దావర్. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది. బెంగాలు నుంచి చందాలు వచ్చాయి, కలకత్తా బారిస్టర్లు వచ్చారు. క్షమాపణ చెప్పి బయటపడమని సలహా ఇచ్చిన శ్రేయోభిలాషులూ ఉన్నారు. తిలక్ ఒప్పుకోలేదు. కొల్హాపూర్ కేసులో తాము రాసింది తప్పు, అందుకే క్షమాపణ చెప్పారు. ఈసారి తప్పు చేశానని ఆయన అనుకోలేదు. జనం మధ్య తన స్థానం తన నడవడి మీదే నిలబడి ఉందనీ, భయపడి తలవంచితే మహారాష్ట్రలో ఉన్నా అండమాన్‌లో ఉన్నా తనకు ఒకటేననీ ఆయన భావం.

సెప్టెంబరులో బొంబాయి హైకోర్టులో స్ట్రాచీ అనే న్యాయమూర్తి ముందు విచారణ జరిగింది. అప్పట్లో నేరం జరిగిందా లేదా అని తేల్చడానికి న్యాయమూర్తి పక్కన తొమ్మిదిమంది పౌరులు కూర్చునేవారు. దాన్ని జ్యూరీ అనేవారు. ఆ జ్యూరీలో ఆరుగురు యూరోపియన్లు, ముగ్గురు భారతీయులు. అభిమానం లేకపోవడమే విముఖత అని స్ట్రాచీ వారికి వివరించారు. ప్రభుత్వం మీద ద్వేషం, అయిష్టం, ఏ రకమైన చెడు భావమైనా అందులోకి వస్తుందన్నారు. ఆ రాతల వల్ల నిజంగా అల్లరి జరిగిందా లేదా అన్నది చూడనక్కరలేదన్నారు. ఆరుగురు నేరస్థుడన్నారు, ముగ్గురు కాదన్నారు. పద్దెనిమిది నెలల కఠిన శిక్ష పడింది. లండన్‌లోని ప్రివీ కౌన్సిల్‌కు వెళ్లినా అప్పీలుకు అనుమతి దొరకలేదు. 1898లో ప్రభుత్వం చట్టాన్ని ఇంకా బిగించి, వర్గాల మధ్య వైరం పెంచడాన్ని నేరంగా చేసే 153ఎ సెక్షన్‌ను కూడా తెచ్చింది.

జైలులో తిలక్ బరువు బాగా తగ్గారు. వేదాల కాలం గురించి ఆయన 1893లో రాసిన ఒరాయన్ అనే పుస్తకం విదేశీ పండితులకు తెలుసు. సంస్కృత పండితుడు మాక్స్ ముల్లర్ తదితరులు ఆయనను విడిచిపెట్టమని ప్రభుత్వానికి విజ్ఞప్తి చేశారు. 1898 సెప్టెంబరులో, దాదాపు ఏడాది తరవాత, ఆయనను విడుదల చేశారు.

ఇరవై ఒక్క గంటల వాదన

1905లో బెంగాలు విభజన జరిగింది. స్వదేశీ ఉద్యమం దేశమంతా పాకింది. 1908 ఏప్రిల్ 30న ముజఫర్‌పూర్‌లో ఖుదీరాం బోస్, ప్రఫుల్ల చాకీ ఒక న్యాయాధికారి కోసం విసిరిన బాంబు వేరే బండి మీద పడి ఇద్దరు ఆంగ్ల స్త్రీలు చనిపోయారు. మే 12న, జూన్ 9న కేసరిలో వచ్చిన వ్యాసాలు బాంబులు విసరడాన్ని సమర్థించలేదు. కానీ యువకులు ఆ దారి పట్టడానికి ప్రభుత్వం సాగిస్తున్న అణచివేతే కారణమని, ఇంకా అణచితే రోగం తగ్గదని, స్వరాజ్య హక్కులు ఇవ్వడమే మందు అని చెప్పాయి. జూన్ 24న ముంబయిలో తిలక్‌ను మళ్లీ అరెస్టు చేశారు.

ఈసారి విచారించే న్యాయమూర్తి దిన్షా దావర్. పదకొండేళ్ల కిందట తిలక్‌కు బెయిలు ఇవ్వాలని వాదించిన ఆయనే ఇప్పుడు బెయిలు నిరాకరించారు. బెయిలు కోసం వాదించినవారు మహమ్మద్ అలీ జిన్నా. జూలై 13న విచారణ మొదలైంది. జ్యూరీలో ఏడుగురు యూరోపియన్లు, ఇద్దరు పార్శీలు.

తిలక్ ఈసారి తన వాదన తానే వినిపించారు. కొన్ని రోజులపాటు, మొత్తం మీద ఇరవై ఒక్క గంటలకు పైగా మాట్లాడారు. అందులో పెద్ద భాగం భాష గురించే. తాను రాసింది మరాఠీలో. జ్యూరీ చేతిలో ఉన్నది ఇంగ్లిషు అనువాదం. జ్యూరీలో ఎక్కువమందికి మరాఠీ రాదు. మూలంలో లేని వేడి అనువాదంలో చేరిందని ఆయన ఒక్కొక్క మాటే తీసి చూపించారు. రాజకీయ భావాలకు మరాఠీలో మాటలు ఇంకా తయారవుతున్నాయనీ, వాటిని నిఘంటువులో వెతికి తీర్పు చెప్పడం సరికాదనీ వివరించారు. ఇంట్లో ఒక భాష, బడిలో రెండు భాషలు, ఊరు మారితే ఇంకో భాష నేర్చుకునే మనకు ఈ వాదన సులభంగానే అర్థమవుతుంది. ఒక భాషలో మామూలుగా వినిపించే మాట మరో భాషలోకి వెళ్లేసరికి తిట్టు కావచ్చు. ఆ తేడా మీద ఒక మనిషి ఆరేళ్ల జీవితం ఆధారపడి ఉంది.

పత్రికకు పాలకులను విమర్శించే హక్కు ఉంది, రానున్న ప్రమాదాన్ని హెచ్చరించే బాధ్యతా ఉంది అని కూడా ఆయన వాదించారు. జూలై 22 రాత్రి బాగా పొద్దుపోయాక జ్యూరీ తన మాట చెప్పింది. ఏడుగురు నేరస్థుడన్నారు, ఇద్దరు కాదన్నారు. చెప్పుకోవలసింది ఏమైనా ఉందా అని అడిగినప్పుడు, మనుషుల కోర్టును మించిన శక్తులు ఉన్నాయనీ, తాను స్వేచ్ఛగా ఉండటంకన్నా బాధపడటం వల్లే తాను పట్టిన పని ముందుకు సాగాలన్నది దైవసంకల్పం కావచ్చనీ తిలక్ శాంతంగా చెప్పారు. దావర్ ఆరేళ్ల ద్వీపాంతరవాసం, వెయ్యి రూపాయల జరిమానా విధించారు. కొన్ని గంటల్లో తెల్లవారితే తిలక్‌కు 52 ఏళ్లు నిండుతాయి. అర్ధరాత్రి ప్రత్యేక రైలులో ఆయనను సబర్మతి జైలుకు తరలించారు.

ముంబయి మిల్లు కార్మికులు పని మానేశారు. ఆరేళ్ల శిక్షకు ఆరు రోజుల సమ్మె. పోలీసు కాల్పుల్లో కొందరు ప్రాణాలు కోల్పోయారు. ఆ ఏడాది రాజద్రోహం కేసులు ముంబయితోనే ఆగలేదు. తమిళనాట చిదంబరం పిళ్లైకి ద్వీపాంతర శిక్ష పడింది. మన బెజవాడలో స్వరాజ్య పత్రిక నడిపిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు పత్రికలో వచ్చిన వ్యాసానికి జైలుకు వెళ్లారు.

మాండలే గది

ద్వీపాంతర శిక్షను ప్రభుత్వం సాధారణ ఖైదుగా మార్చి తిలక్‌ను బర్మాలోని మాండలే జైలుకు పంపింది. చెక్కతో కట్టిన గది, ఎండాకాలం వేడి, చలికాలం చలి. మాట్లాడటానికి మరాఠీ మనుషులు దాదాపు లేరు. పుస్తకాలు తెప్పించుకున్నారు. జర్మన్, ఫ్రెంచి భాషలు నేర్చుకున్నారు. 1910–11 చలికాలంలో పెన్సిలుతో గీతారహస్యం అనే పెద్ద గ్రంథం రాశారు. చేయవలసిన పనిని ఫలం మీద ఆశ లేకుండా చేయడమే గీత సారమని అందులో వాదించారు. 1912లో భార్య సత్యభామాబాయి చనిపోయారు. ఆ కబురు ఆయనకు జైలులోనే చేరింది.

1914 జూన్‌లో విడుదలై పుణే ఇంటికి చేరేసరికి వయసు 58కి దగ్గరపడింది. మధుమేహం బాధిస్తోంది. వ్రాతప్రతులు ప్రభుత్వం దగ్గర ఉండిపోతే, అవి తిరిగి రాకపోయినా అంతా తన మనసులోనే ఉంది, మళ్లీ రాస్తానని ధీమాగా ఉన్నారట. అవి తిరిగి వచ్చాయి. 1915లో పుస్తకం అచ్చయింది.

గెలిచిన కేసు

1916 ఏప్రిల్‌లో తిలక్ హోంరూల్ లీగ్ స్థాపించి బెల్గాం, అహ్మద్‌నగర్ సభల్లో మాట్లాడారు. ఆ ఏడాది జూలై 23న అభిమానులు ఆయన అరవయ్యో పుట్టినరోజు జరుపుతుండగా ప్రభుత్వ నోటీసు వచ్చింది. ఆ ఉపన్యాసాలు రాజద్రోహమనీ, ఏడాదిపాటు సత్ప్రవర్తనకు పూచీ ఇవ్వాలనీ దాని సారం. పుణే మేజిస్ట్రేటు 20,000 రూపాయల బాండు, పదేసి వేల రూపాయలకు ఇద్దరి జామీను అడిగారు.

తిలక్ హైకోర్టుకు వెళ్లారు. ఆయన పక్షాన జిన్నా వాదించారు. 1916 నవంబరు 9న న్యాయమూర్తులు బాచెలర్, షా మేజిస్ట్రేటు ఉత్తర్వును కొట్టివేశారు. ఉపన్యాసంలో ఒక ముక్కను విడదీసి పట్టుకోకూడదు, మొత్తం చదివి విన్నవారి మీద ఏ ప్రభావం ఉంటుందో చూడాలి అన్నారు. చట్టబద్ధమైన మార్గంలో పాలనావిధానం మారాలని, అధికారం ప్రజల చేతికి రావాలని కోరడం రాజద్రోహం కాదని ఆ తీర్పుతో తేలింది. స్వరాజ్యం గురించి సభల్లో బహిరంగంగా మాట్లాడటానికి దారి తెరుచుకుంది.

ఆ తరవాత ఆయనే ఫిర్యాదీగా కోర్టుకు వెళ్లారు. వాలెంటైన్ చిరోల్ అనే ఆంగ్ల పాత్రికేయుడు భారతదేశంలోని అశాంతి గురించి రాసిన పుస్తకంలో తనను హింసకు మూలకారకుడిగా చిత్రించాడని పరువునష్టం దావా వేశారు. అందుకోసం 1918లో లండన్ వెళ్లారు. 1919లో కేసు ఓడిపోయారు. ఖర్చులు తడిసిమోపెడయ్యాయి. తన మాటకు స్వేచ్ఛ కోరిన మనిషే ఇతరుల మాట తనకు నష్టం చేసిందని వెళ్లడం కొందరికి వింతగా తోచవచ్చు. కానీ కొల్హాపూర్ దివాన్ తన మీద వేసిన దావాలో ఉన్న న్యాయాన్నే ఆయన ఇప్పుడు తనకోసం అడిగారు.

1920 ఆగస్టు 1 తెల్లవారకముందే ముంబయిలో, తాను ఎప్పుడూ దిగే సర్దార్ గృహలో తిలక్ కన్నుమూశారు. లక్షలాది జనం వెంట నడిచారు. గాంధీజీ పాడె మోశారు. చౌపాటీ సముద్రపు ఒడ్డున దహనం జరిగింది. సహాయ నిరాకరణ ఉద్యమం మొదలైనదీ ఆ రోజే.

తరవాత ఏమైంది

1922లో గాంధీజీ మీద అదే 124ఎ కింద కేసు నడిచినప్పుడు, అహ్మదాబాద్ న్యాయమూర్తి తిలక్ శిక్షనే ఆదర్శంగా తీసుకుని ఆరేళ్లు విధించారు. అల్లర్లు రేపే మాటలకే రాజద్రోహం వర్తిస్తుందని 1942లో ఫెడరల్ కోర్టు చెప్పింది. కానీ 1947లో ప్రివీ కౌన్సిల్ ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చి, తిలక్ కేసు నాటి విశాలమైన అర్థానికే తిరిగి వెళ్లింది.

రాజ్యాంగ సభలో వాక్ స్వాతంత్ర్యానికి హద్దులు రాస్తున్నప్పుడు మొదటి ముసాయిదాలో రాజద్రోహం అన్న మాట ఉంది. కె.ఎం. మున్షీ ప్రతిపాదన మీద 1948 డిసెంబరులో ఆ మాటను తీసేశారు. పత్రికల మీద ప్రభుత్వపు పట్టు గురించి సుప్రీంకోర్టు తొలి పెద్ద తీర్పు 1950లో, అప్పటి మద్రాసు ప్రభుత్వం ఒక వారపత్రికను రానివ్వకపోవడం మీద వచ్చింది. ఆ నిషేధం చెల్లదని కోర్టు చెప్పింది. మరుసటి ఏడాది రాజ్యాంగ సవరణ ద్వారా ప్రజాశాంతి కోసం సమంజసమైన ఆంక్షలు పెట్టవచ్చని చేర్చారు. 1962లో కేదార్‌నాథ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 124ఎను కొట్టివేయలేదు, కానీ దాని అర్థాన్ని కుదించింది. ప్రభుత్వాన్ని ఎంత ఘాటుగా విమర్శించినా నేరం కాదు, హింసకో అల్లర్లకో పురికొల్పితేనే నేరం అంది. స్ట్రాచీ 1897లో చెప్పినదానికి ఇది దాదాపు ఎదురు మాట. 2022లో సుప్రీంకోర్టు ఆ సెక్షన్ అమలును నిలిపింది. 2024 జూలై 1న పాత శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. దేశ సమైక్యతకు ముప్పు తెచ్చే మాటల గురించి అందులో 152వ సెక్షన్ ఉంది. హద్దు ఎక్కడ అన్న చర్చ ఇంకా సాగుతూనే ఉంది.

మీ నాన్నగారికో అమ్మగారికో ఎప్పుడైనా ముంబయి బదిలీ అయితే, అక్కడి హైకోర్టు పాత భవనం గురించి ఇది గుర్తుంచుకోండి. 1908లో తిలక్‌కు శిక్ష పడిన కోర్టు గది బయట ఒక పలక ఉంది. ఆనాటి రాత్రి ముద్దాయిగా ఆయన చెప్పిన మాటలు దాని మీద చెక్కి ఉన్నాయి. 1956లో ఆయన శతజయంతి సందర్భంగా ప్రధాన న్యాయమూర్తి ఎం.సి. చాగ్లా దాన్ని ఆవిష్కరించారు. చట్టం లెక్కకు ఆ శిక్షలు సరిపోయి ఉండవచ్చు గానీ అసలు న్యాయాన్ని అవి కాదన్నాయని చాగ్లా ఆ సభలో ఒప్పుకున్నారు. ఆ గోడ మీద శిక్ష వేసిన తీర్పు లేదు, శిక్ష పడిన మనిషి మాట ఉంది.